తొమ్మిదో టేబులు మీది గుండె

డిటెక్టివ్ సమావేశ భవనం లోపలికి వచ్చేసరికి మూడుంబావయింది. అతని వెనక గాజు తలుపు మూసుకుంది. కానిస్టేబులు అతని ఫోను తీసుకుని కవర్లో వేసి, కవరు మీద రెండొందల పదిహేను అని రాశాడు.

"ఐదింటి దాకా బయటికి పోవడానికి లేదు సార్. మీరైనా సరే."

"ఐదు తర్వాత?"

"తలుపులు తీస్తారు. రెండొందల పధ్నాలుగు మంది డాక్టర్లు. ఆరున్నర నుంచి విమానాలు. ఎవరి దారి వాళ్లది."

"సిస్టర్?"

"ఆవిడది మా జీపు దారి సార్."

ఇన్‌స్పెక్టర్ భోజనాల గదిలో ఒక మూల టేబులు వేసుకుని కూర్చున్నాడు. అతనికీ డిటెక్టివ్‌కీ పదకొండేళ్ల పరిచయం. ఆ పదకొండేళ్లలో ఒకరినొకరు టీ తాగుతారా అని అడిగింది లేదు.

"రండి. సర్జన్ల సంఘం సెక్రటరీ గారు పిలిపించారట కదా. విస్తళ్లు ఎత్తే వేళకు వచ్చారు."

"ఎత్తేముందు ఎవరేం తిన్నారో చూసి పోతాను."

"చనిపోయిన పెద్దాయన మీకు కూడా గుండె ఆపరేషన్ చేశారట. ఎనిమిదేళ్ల కిందట. అభిమానంతో కేసులు తేలవు డిటెక్టివ్ గారూ."

"తేలవు. అందుకే టైములు చెప్పండి."

ఇన్‌స్పెక్టర్ కాగితం చూడకుండా చెప్పాడు. అతనికి కేసు మీద నమ్మకం కుదిరినప్పుడు కాగితం చూడడు.

గుండె, ఛాతీ సర్జన్ల వార్షిక సమావేశంలో పాత నియమం ఒకటుంది. యాభై దాటిన ప్రతి సభ్యుడూ ఐదేళ్లకోసారి తోటివాళ్ల ముందు పంది గుండె ఒకటి కుట్టి చూపించాలి. లోపలి వాల్వ్ చుట్టూ రింగు పెట్టి పన్నెండు కుట్లు వేయాలి. గంటన్నర టైము. వేయలేకపోతే ఆ సాయంత్రమే ఆపరేషన్లు మానుకుంటున్నానని రాసిచ్చి వెళ్లాలి. దీన్ని వాళ్లు హాజరు అంటారు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఈ నియమం పెట్టింది పెద్దాయనే. ఏటా ఉదయం తొమ్మిదికి ముందుగా తనే ఒక గుండె కుట్టి అద్దాల పెట్టెలో పెట్టిస్తారు. ఈ ఏడూ పెట్టించారు. డెబ్బై రెండేళ్లు.

హాజరు జరిగిన హాలుకు కిటికీలు లేవు. రెండు తలుపులు. ఒకటి కారిడార్‌లోకి. అది కార్డు చూపిస్తేనే తెరుచుకుంటుంది, ఎవరు ఎప్పుడు వెళ్లిందీ రాసుకుంటుంది. రెండోది బట్టలు మార్చుకునే గదిలోకి. ఆ గదిలో పరదాలు కట్టిన అరలు నాలుగు, గుండెలు నిలవ ఉంచే చల్లగది ఒకటి, కారిడార్‌లోకి మరో తలుపు ఉన్నాయి. కారిడార్ చివర గార్డు కూర్చున్నాడు.

పదింటికి పన్నెండు మంది పన్నెండు టేబుళ్ల ముందు నిలబడ్డారు. అందరికీ ఒకే రకం టోపీ, మాస్కు, గౌను. గౌను ముందూ వెనకా టేబులు నంబరు. హాలు బాధ్యత థియేటర్ నర్సు సిస్టర్‌ది. 10.45కు పెద్దాయన కాఫీ తాగి వస్తానని బట్టల గదిలోకి వెళ్లారు. మళ్లీ కనబడలేదు. 11.40కి సిస్టర్ వెళ్లి చూస్తే ఆఖరి అరలో, పరదా వెనక, చనిపోయి ఉన్నారు. ఎడమ చేతికి వెనక వైపు, పొట్టి చొక్కా అంచు కింద సూది గుర్తు. చెత్తబుట్టలో ఖాళీ సీసా. ఆపరేషన్ ముందు రోగిని కదలకుండా చేసే మందు అది. మిషను మీద ఊపిరి అందించకపోతే నిమిషాల్లో మనిషి పోతాడు. మందుల బండి తాళంచెవి సిస్టర్ దగ్గర ఉంది.

"10.50కి కార్డు చూపించి కారిడార్‌లోకి వెళ్లింది. 11.05కి వచ్చింది. మధ్యలో ఆ పక్క తలుపు లోంచి బట్టల గదిలోకి దూరడానికి ఎంతసేపు? గార్డు ఆవిడను తప్ప ఎవరినీ చూడలేదు. ఎక్కడికి వెళ్లావంటే చెప్పదు."

"మరి పన్నెండు మంది సర్జన్లు?"

"వాళ్ల సాక్ష్యం వాళ్ల టేబుళ్ల మీదే ఉంది. పన్నెండు గుండెలు, ఒక్కోదానికి పన్నెండు కుట్లు. మధ్యలో వెళ్లి మనిషిని చంపి వచ్చినవాడికి పని పూర్తి కాదు. అందరిదీ పూర్తయింది."

"11.05 తర్వాత పెద్దాయన చనిపోయి ఉండొచ్చు కదా?"

"మా డాక్టరు పదిన్నర, పదకొండున్నర మధ్య అన్నాడు. 10.45 తర్వాత ఆయన్ని చూసినవాళ్లు లేరు. చూసినవాణ్ని ఒక్కణ్ని తెండి, ఆవిడను వదిలేస్తా." అతను గడియారం చూశాడు. "గంటా ముప్పావు ఉంది. పక్క హాల్లో ఇందాక ఎవరో ఛాతీ పట్టేసిందన్నాడట. అరవై మంది లేచారు. వాడు భయపడి బాగానే ఉందన్నాడు. ఇంతకన్నా ఎక్కువసేపు వీళ్లను మూసి ఉంచడం నా వల్ల కాదు."

సిస్టర్‌కు యాభై ఎనిమిదేళ్లు. హాజరు హాల్లోనే, స్టూలు మీద కూర్చోబెట్టారు. పక్కన లేడీ కానిస్టేబులు. డిటెక్టివ్ వెళ్లేసరికి ఆవిడ ట్రేల మీద తడి గుడ్డలు సరిచేస్తోంది. గుండెలు ఎండిపోతున్నాయట.

డిటెక్టివ్ ట్రేల మీది నంబర్లకు ప్లాస్టరు ముక్కలు అంటించి, వరస మార్చాడు.

"చెయ్యి చూసి ఎవరి కుట్టో చెప్పగలరా?"

"ఇరవై ఎనిమిదేళ్లుగా దారాలు అందిస్తున్నాను సార్. ముఖాలకు మాస్కులుంటాయి. మాకు కనబడేవి చేతులే." ఆవిడ మొదటి గుడ్డ ఎత్తింది. "ఇది నాలుగు. ఒక్కో కుట్టుకి ఐదు ముడులేసి, మిగతాది దేవుడే చూసుకుంటాడంటాడు. ఇది పదకొండు. కొసలు మరీ పొట్టిగా కత్తిరిస్తాడు, చెప్తే వినడు. ఇది ఐదు. మంచి చెయ్యి. ట్రే పడేశాడు, అందుకే అంచు నలిగింది. ఇది రెండు."

ఒక్కోదాని ముందు ఆవిడ అయిదారు క్షణాలు నిలబడింది. డిటెక్టివ్ ప్లాస్టర్లు పీకి చూశాడు. పదకొండు సరిపోయాయి. పన్నెండో ట్రే దగ్గర ఆవిడ గుడ్డ ఎత్తలేదు.

"మిగిలింది తొమ్మిదే కదా సార్."

"చెయ్యి చూసి చెప్పండి."

"లెక్క తెలిశాక చూడ్డమెందుకు?"

"10.50కి ఎక్కడికి వెళ్లారు?"

"బాత్రూమ్‌కి."

"అది ఎదురుగానే ఉంది. పదిహేను నిమిషాలా?"

"యాభై ఎనిమిదేళ్ల ఆడదాన్ని. ఎన్ని నిమిషాలో మీకు లెక్క రాసివ్వాలా?"

లేడీ కానిస్టేబులు నవ్వాపుకుంది. డిటెక్టివ్ మరేమీ అడగలేదు. టేబులు మీద హాజరు కాగితం ఉంది. ఆ గంటన్నరలో హాల్లో ఏం జరిగినా టైముతో రాయడం సిస్టర్ పని. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పన్నెండు మందినీ భోజనాల గది అవతలి చివర కూర్చోబెట్టారు. ఒక్కొక్కరిని పిలిచి మాట్లాడటానికి నలభై నిమిషాలు పట్టింది. చాలామందికి తమ టేబులు తప్ప ఇంకేమీ గుర్తులేదు. ఐదో నంబరుకు అన్నీ గుర్తున్నాయి. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, అడక్కుండానే మొదలుపెట్టాడు.

"రెండొందల మంది గుండె డాక్టర్లున్న చోట ఒక ముసలాయన పోయాడు. రేపు నా పేషెంట్లకు ఏం ముఖం చూపించను చెప్పండి?"

"10.45 ప్రాంతంలో ఏం చూశారు?"

"10.44కి తొమ్మిదో నంబరు గ్లౌజు చిరిగిందని బట్టల గదిలోకి వెళ్లాడు. నిమిషానికి పెద్దాయన వెళ్లారు. 10.47కి తొమ్మిది తిరిగొచ్చాడు. పెద్దాయన రాలేదు."

"నిమిషాలతో సహా చెప్తున్నారే."

"హాజరండీ బాబూ. ఒక కన్ను దారం మీద, ఒక కన్ను గోడ గడియారం మీద. పరీక్ష రాసే పిల్లాడి బతుకే మాది. 11.18కి తొమ్మిది పని ముగించి మళ్లీ లోపలికి వెళ్లాడు. గ్లౌజులు తీసి చేతులు కడుక్కోవడానికి. పూర్తయినవాళ్లందరం అదే చేస్తాం. ఆ పది నిమిషాల్లో ఐదుగురం వెళ్లొచ్చుంటాం."

"లోపల తొమ్మిదిని చూశారా?"

"పరదా వెనక ఎవడున్నాడో ఎవడు చూస్తాడండీ?" ఆయన నవ్వాడు. "అన్నట్టు తొమ్మిదో నంబరు ఎవరో తెలుసు కదా? ఆ సిస్టర్ తమ్ముడు. తల్లి పోతే ఆవిడే పెంచి డాక్టరును చేసింది. పాపం."

"మీ ట్రే పడిపోయిందట."

"ముప్పై ఏళ్లలో ఒక్క గుండె జారలేదు. ఇవాళ జారింది. దిష్టి."

"ఎన్నింటికి?"

ఐదో నంబరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఏమో. చివర్లో ఎప్పుడో. గుర్తులేదు."

తొమ్మిదో నంబరు ఆఖరున వచ్చాడు. యాభై ఒక్క ఏళ్లు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో ఉన్నాయి. కూర్చున్నాక కూడా తీయలేదు.

డిటెక్టివ్ హాలు నుంచి తెచ్చిన దారం ముక్కను కుర్చీ చేతికి చుట్టి, రెండు కొసలూ అతని వైపు తిప్పాడు.

"ఒక్క ముడి వేయండి డాక్టర్ గారూ."

"ఎందుకు?"

"మీ చెయ్యి చూడాలి."

"ఇవాళ వేయాల్సినవి వేసేశాను."

"పన్నెండూ మీరేనా?"

తొమ్మిదో నంబరు నుదుటి మీద చెమట పట్టింది. తుడుచుకోలేదు.

"మా అక్కను ఎన్నింటికి తీసుకెళ్తారు?" అని అడిగాడు.

"ఐదింటికి."

"ఎక్కడ ఉంచుతారు?"

"మీరు నోరు విప్పకపోతే చాలా రోజులు ఉంచే చోటే."

అతను లేచి వెళ్లిపోయాడు. చేతులు జేబుల్లోనే ఉన్నాయి.

నాలుగూ ఇరవైకి డిటెక్టివ్ హాల్లో తొమ్మిదో ట్రే మీది గుడ్డ తీసి, భూతద్దం పెట్టి ముడులు లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. తర్వాత అద్దాల పెట్టె దగ్గరికి వెళ్లి, పెద్దాయన ఉదయం తొమ్మిదికి కుట్టిన గుండె ముందు వంగి అక్కడా లెక్కపెట్టాడు. ఆ తర్వాత పోలీసులు మూట కట్టిన గౌన్లు అడిగాడు. అవి అక్కర్లేదని ఒక మూల పడేశారు. పన్నెండు గౌన్లూ తీసి, ఒక్కోదాన్ని దీపానికి అడ్డంగా పట్టి చూశాడు.

నాలుగూ ముప్పై అయిదుకు ఇన్‌స్పెక్టర్‌ను, తొమ్మిదో నంబరును హాల్లోకి పిలిపించాడు. సిస్టర్ అక్కడే ఉంది. తమ్ముణ్ని చూసి లేచి నిలబడింది.

"పెద్దాయన్ని 10.45 తర్వాత చూసినవాణ్ని తెమ్మన్నారు," అన్నాడు డిటెక్టివ్. "మనిషి దొరకలేదు. ఈ గుండె దొరికింది. పన్నెండు కుట్లు. మొదటి నాలుగింటికీ ఆరేసి ముడులు, కొసలు కుడి వైపు. మిగతా ఎనిమిదింటికీ ఎనిమిదేసి ముడులు, కొసలు ఎడమ వైపు. ఇది ఇద్దరు కుట్టిన గుండె. ఇక ఆ పెట్టెలోది చూడండి. పన్నెండుకు పన్నెండూ ఎనిమిదేసి, ఎడమకే."

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. భూతద్దం తీసుకుని మళ్లీ చూశాడు.

"అయితే?"

"10.47కి బట్టల గదిలోంచి తొమ్మిదో నంబరు గౌను, మాస్కు వేసుకుని వచ్చినవాడు తొమ్మిదో నంబరు కాదు. పెద్దాయన. 11.18 దాకా ఈ టేబులు ముందు నిలబడి కుట్టింది ఆయనే. మీ లెక్కలో ఆయన చచ్చిపోయిన టైముకు ఆయన పదిమంది మధ్య ముడులు వేస్తున్నారు. 11.05కి సిస్టర్ వచ్చింది. మళ్లీ 11.40 దాకా ఈ హాలు వదల్లేదు. కాగితం మీద నిమిషానికో గీత ఉంది, ఆవిడ రాతే."

"ముడులు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తాయా?"

"చెప్పవు. వేయించుకున్నవాడు చెప్పాలి."

"వీడికేం తెలీదు," అంది సిస్టర్. "మీ ముడుల లెక్కలన్నీ వట్టివి. ఇన్‌స్పెక్టర్ గారూ, పదండి, జీపు ఎక్కడ?"

"11.05కి మీరు వచ్చి ఆ చేతులు చూశారు. అది మీ తమ్ముడి చెయ్యి కాదని ఒక్క ముడికే తెలిసిపోయి ఉంటుంది. మిమ్మల్ని బయటపడేసే సాక్ష్యం మధ్యాహ్నం నుంచీ మీ నోట్లోనే ఉంది."

"నా నోట్లో ఏముందో మీకెందుకు?"

"అక్కా, ఊరుకో," అన్నాడు తొమ్మిదో నంబరు.

"నువ్వే ఊరుకోరా. ఇన్నేళ్లూ ఎవరు మాట్లాడారు మనిద్దరి తరఫున? ఇప్పుడూ నేనే మాట్లాడతాను."

అతను చేతులు జేబుల్లోంచి తీసి స్టీలు టేబులు మీద పెట్టాడు. చేతి పక్కనున్న ట్రేలో కత్తెర గలగలమంది. అతను చేతులు ఎత్తేదాకా ఆ చప్పుడు ఆగలేదు.

"నాలుగు నెలలయింది," అన్నాడు. "ఆ రోజు నుంచి ఒక్క ఆపరేషన్ చేయలేదు. పెద్దాయనకు చెప్పాను. ఇవాళ ఇక్కడ నిలబడి ఓడిపోయి పోతానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. పదకొండు మంది ముందు వద్దు, పన్నెండున్నరకు నీ నివేదిక చదువు, తర్వాత నువ్వే రాసిచ్చి పరువుగా వెళ్లు అన్నారు. కుట్లు సగం దాకా వేయి, చేతకాకపోతే గ్లౌజు చిరిగిందని లోపలికి రా, మిగతాది నేను చూసుకుంటా అన్నారు. నాలుగు కుట్లకే వెళ్లాను."

"10.47 నుంచి ఎక్కడున్నారు?"

"చల్లగదిలో. గౌను ఆయనకిచ్చి లోపల కూర్చున్నాను. పని అయ్యాక తలుపు కొడతానన్నారు. కొట్టలేదు. 11.24కి నేనే బయటికొచ్చాను. ఆఖరి అరలో నేల మీద ఉన్నారు. మాస్కు అలాగే ఉంది."

"అప్పుడేం చేశావు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మెడ మీద చెయ్యి పెట్టాను. నా చెయ్యి వణుకుతోంది. నాడి ఉందో, నా వణుకే తగులుతోందో తెలియలేదు. కనుపాపలు చూశాను. అయిపోయిందనుకున్నాను. తలుపు అవతల పదకొండు మంది ఉన్నారు. మిషన్లున్నాయి. నేను పిలవలేదు. పిలిస్తే నేను ఆ గదిలో ఎందుకున్నానో చెప్పాలి. ఆయన గౌను విప్పి తొడుక్కుని హాల్లోకి వచ్చాను."

సిస్టర్ అతని వైపు చూడకుండానే అంది. "మందుల బండికి తాళంచెవి అలాగే వదిలేసి నేను పైన నీ గదికి పరుగెత్తింది ఆ వణుకు మాత్రల కోసమే. తెచ్చి చేతులు చూస్తే నీ చోట ఆయనున్నారు. నీకోసం చూస్తూ నిలబడ్డాను, లోపలికి రాలేదు. వచ్చినా బాగుండేది."

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "కథ బాగుంది. అయితే అక్క బదులు తమ్ముడు. 11.18కి పెద్దాయన లోపలికి వచ్చాడు. లోపలున్నది ఇతనొక్కడే. నాకు జీపు మార్చాల్సిన పని కూడా లేదు."

"ఈ గౌను చూడండి."

తొమ్మిదో నంబరు గౌనును డిటెక్టివ్ దీపం ముందు పరిచాడు. ఎడమ చేతికి వెనక వైపు గుడ్డలో సూది పట్టేంత రంధ్రం ఉంది. లోపలి వైపు ఆవగింజంత రక్తపు మరక.

"సూది ఈ గౌనులోంచి దిగింది. వెనక నుంచి. పెద్దాయన అప్పటికి టోపీ తీయలేదు, మాస్కు తీయలేదు. పొడిచినవాడికి కనబడింది వీపు, వీపు మీద తొమ్మిది అంకె. అంతే. ఆ గౌనులో ఉన్నది పెద్దాయనని తెలిసినవాళ్లు ఇద్దరే, హాలు వదలని సిస్టర్, ఇతను. పొడిచినవాడికి తెలీదు. వాడు చంపింది తొమ్మిదో నంబరును."

ఇన్‌స్పెక్టర్ గౌను చేతిలోకి తీసుకుని రంధ్రంలోంచి దీపాన్ని చూశాడు.

"ఇతన్నెవడు చంపుతాడు?"

"ముందు ఇది చూడండి." డిటెక్టివ్ హాజరు కాగితం తీశాడు. "11.19 నుంచి 11.23 లోపు ఒకడు తొమ్మిదో నంబరును చంపి హాల్లోకి తిరిగొచ్చాడు. 11.28కి ఆ తొమ్మిదో నంబరు నడుచుకుంటూ లోపలికి వచ్చి తన టేబులు ముందు నిలబడ్డాడు. చంపినవాడికి ఎలా ఉంటుంది? సిస్టర్ రాసింది చదవండి. 11.28, తొమ్మిది తిరిగి వచ్చారు. దాని కిందే 11.28, ఐదో టేబులు ట్రే పడింది. ఆయనకు అందరి టైములూ నిమిషాలతో గుర్తున్నాయి. ట్రే పడిన టైము ఒక్కటే గుర్తులేదన్నాడు."

తొమ్మిదో నంబరు స్టూలు మీద కూలబడ్డాడు.

"పన్నెండున్నరకు చదవాల్సిన నివేదిక మరణాల మీద," అన్నాడు. "ఆపరేషన్లు మానేశాక ఆ ఫైళ్లు నాకిచ్చారు. ఒకే సర్జన్. ఏడుగురు. అసలు కోయాల్సిన అవసరం లేని గుండెలు. నా పేరు కార్యక్రమంలో అచ్చయింది కూడా. నేను ఎవరి గురించి చదవబోతున్నానో అతనికి తెలుసు."

"ఐదో నంబరేనా?"

"అవును."

"మధ్యాహ్నం నుంచీ ఈ మాట చెప్పకుండా కూర్చున్నావా?"

"నన్నెవరూ చంపాలనుకోలేదనుకున్నాను. పెద్దాయన్ని ఎవరు చంపుతారా అనే ఆలోచిస్తున్నాను."

ఇన్‌స్పెక్టర్ తలుపు తీసి కానిస్టేబుల్ని పరుగెత్తించాడు. తిరిగొచ్చి, డిటెక్టివ్ వైపు చూడకుండా అన్నాడు. "సిస్టర్, మీరు వెళ్లొచ్చు. కార్డు, ఫోను తీసుకోండి."

"వీడు?"

"ఇతను ఉండాలి."

"అయితే నేనెక్కడికి పోతాను?"

నాలుగూ యాభైకి కానిస్టేబులు వచ్చాడు. ఒగరుస్తున్నాడు.

"ఐదో నంబరు భోజనాల గదిలో లేడు సార్. పది నిమిషాల కిందట బాత్రూమ్ అన్నాడట. బాత్రూమ్‌లో లేడు. బయటి తలుపులు దాటలేదు. ఆ పెద్ద హాల్లో రెండొందల మందిలో కలిసిపోయాడో, పై అంతస్తుల్లో ఉన్నాడో." అతను చేతిలోని చీటీ అందించాడు. "ఫార్మసీ ఆయన మందుల బండి లెక్క తేల్చాడు సార్. ఆ మందు సీసాలు తగ్గినవి రెండు."

చెత్తబుట్టలో దొరికింది ఒకటే.

ఇన్‌స్పెక్టర్ గోడ గడియారం వైపు చూశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తలుపులు తీస్తే ఐదో నంబరు రెండొందల మందితో కలిసి బయటికి పోతాడు. తీయకపోతే వాడితో కలిసి అందరూ లోపలే ఉంటారు.

"ఏమంటారు?" అన్నాడు. పదకొండేళ్లలో డిటెక్టివ్‌ను అతను అభిప్రాయం అడగడం అదే మొదటిసారి.

"వాడు చంపాల్సినవాడు ఇతనొక్కడే మిగిలాడు, రెండో సీసా ఇతనికే. విమానం మీద వాడికి ఆశ లేదు."

ఇన్‌స్పెక్టర్ వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "తలుపులు తీయొద్దు. నేను చెప్పేదాకా ఒక్కటీ తీయొద్దు."

సిస్టర్ ఒక స్టూలు ఈడ్చుకొచ్చి తమ్ముడి వెనక వేసింది. వీపు అతని వీపుకు ఆనించి, అవతలి వైపు తిరిగి కూర్చుంది. అతని వణుకు ఆవిడ భుజాల్లోకి వస్తోంది.

"వణికితే వణకనీ," అంది. "మెడ మాత్రం తిప్పకు. వెనక నేను చూస్తాను."